నాన్న ఫోను లిస్టులో లేదు

మ్యాగజైన్ టీమ్‌లోని అక్క "ఈసారి టెక్నికల్‌గా ఏదైనా తెలుగులో రాయి తమ్ముడూ" అన్నప్పుడు తప్పించుకుందామనే చూశాను. కవితలు రాసేవాళ్లు మన క్లబ్బులో బోలెడుమంది ఉన్నారు. నాకు వచ్చింది కోడింగ్, అదీ యూట్యూబ్ సగం, నేను సగం. రెండ్రోజులు ఆలోచించాక థర్డ్ ఇయర్‌లో చేసిన ఒక చిన్న డెస్క్‌టాప్ యాప్ గుర్తొచ్చింది. దాని పేరు ‘యార్డు’. దాన్ని వాడింది ప్రపంచం మొత్తమ్మీద నలుగురే, ఆ నలుగురమూ మా ప్రాజెక్ట్ బ్యాచే. అయినా దాని గురించి రాస్తున్నానంటే కారణం మా నాన్న.

మాది అనకాపల్లి. 2022 ఏప్రిల్ 4న మా ఊరి పేరుతో జిల్లా వచ్చింది కాబట్టి ఇప్పుడు "వైజాగ్ పక్కన" అని చెప్పక్కర్లేదు. అయినా అలవాటు పోక చెబుతూనే ఉంటాను. నిజానికి మా ఇల్లు టౌన్‌లో కాదు, మునగపాక వైపు ఒక పల్లెలో. అటువైపు ఎవరిని కదిపినా చెరకు, గానుగ, బెల్లం. అనకాపల్లి బెల్లం మార్కెట్ దేశంలో రెండోదని, ముజఫర్‌నగర్ తర్వాత మాదేనని మా వైపు చిన్నపిల్లలు కూడా చెబుతారు. చెరకు మీద పరిశోధన చేసే కేంద్రం మా ఊళ్లో 1913 నుంచి ఉంది. మా నాన్న ఏ పరిశోధనా చెయ్యలేదు గానీ, పెనంలో పాకం పొంగే చప్పుడు వినే దించాలో వద్దో చెప్పేస్తాడు.

మా మినీ ప్రాజెక్ట్ కూడా బెల్లమే. ఉదయం యార్డులో వేలం అయ్యాక ఏ రకం ఎంత పలికిందో రైతు ఫోనులో కనపడాలి. రేటు పడిపోయిన రోజున ఆటోకి డబ్బులు పెట్టి దిమ్మలు తోలుకెళ్లి, ఉసూరుమంటూ తిరిగి రాకూడదు. మా బాబాయి యార్డులో కళాసీ. వేలం అవ్వగానే నాకు ఫోన్ చేసి రేట్లు చెప్పేవాడు, నేను క్లాసులో లాస్ట్ బెంచీలో కూర్చుని ఎక్కించేవాణ్ణి. మా డేటా పైప్‌లైన్ అంతా అదే. రివ్యూలో మాత్రం ‘ఫీల్డ్ సోర్స్’ అని రాశాం.

ఫస్ట్ రివ్యూలో మా గైడ్ సార్ ఒకే ప్రశ్న అడిగారు. "ఇది మీ ఫోన్లో నడుస్తోంది సరే. మిగతా ఫోన్లలో?"

మా నలుగురి దగ్గరా కలిపి మూడు రకాల ఫోన్లున్నాయి. రైతుల దగ్గర ఎన్ని రకాలున్నాయో లెక్కే లేదు. అన్నీ కొనలేం కాబట్టి ఎమ్యులేటర్లే దిక్కు.

సివిల్, మెకానికల్ వాళ్ల కోసం రెండు ముక్కలు చెప్తాను. ఎమ్యులేటర్ అంటే కంప్యూటర్ వేసే ఫోన్ వేషం. బొమ్మ చూపించి ఊరుకోదు. లోపల నిజమైన ఆండ్రాయిడ్ బూట్ అవుతుంది. దానికి ర్యామ్ ఉందని, బ్యాటరీ ఉందని, సిమ్ ఉందని నమ్మించాలి. ఆ నమ్మించే పని కింద ‘క్యూఈఎంయూ’ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ చేస్తుంది. ఆండ్రాయిడ్ వాళ్లు దాని మీద కట్టిన ఉత్తుత్తి హార్డ్‌వేర్‌కి మొదట ‘గోల్డ్‌ఫిష్’ అని పేరు పెట్టారు, తర్వాత వచ్చినదానికి ‘రాంచు’ అని. రాంచు కూడా ఒక రకం గోల్డ్‌ఫిషే. ఆపిల్ వాళ్ల సిమ్యులేటర్ దారి వేరు. అది ఫోన్ హార్డ్‌వేర్‌ని అనుకరించదు, యాప్‌ని మ్యాక్ ప్రాసెసర్ మీదే నడిపి ఐఫోన్‌లా చూపిస్తుంది. దానికి మ్యాక్ కావాలి. మా బ్యాచ్‌లో మ్యాక్ ఎవరికీ లేదు కాబట్టి ఆ చాప్టర్ అక్కడితో క్లోజ్.

నా ల్యాప్‌టాప్ 8 జీబీ ర్యామ్. అది ఒక సీజన్ బెల్లం డబ్బు. మిగిలిన బాకీలు పక్కనపెట్టి నాన్న ముందు అదే కొన్నాడు. అందుకే దాని ఫ్యాన్ గట్టిగా తిరిగితే నాకు భయం వేసేది. ఎమ్యులేటర్లు చేసుకోవడానికి, ఆన్ చేసుకోవడానికి డివైస్ మేనేజర్ అని ఆండ్రాయిడ్ స్టూడియోలోనే ఉంటుంది. కానీ దాని కోసం స్టూడియో తెరవాలి. స్టూడియో తెరిస్తే ర్యామ్‌లో పెద్ద ముక్క అక్కడే పోతుంది. మేం కోడ్ రాసేది ఫ్లట్టర్‌లో, వీఎస్ కోడ్‌లో. ఒక్క బటన్ నొక్కడానికి స్టూడియో తెరవడమంటే, గ్లాసుడు రసం కోసం గానుగ మొత్తం కట్టడం లాంటిది. ముందు బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్ చెయ్యాలని తెలియక నాలుగు రోజులు ఎమ్యులేటర్ నత్తలా నడిచింది. అది ఆన్ చేశాక, రెండు ఎమ్యులేటర్లు కలిపి లేపితే ల్యాప్‌టాప్ మీద చపాతీ కాల్చుకోవచ్చు.

అలా పుట్టింది ‘యార్డు’. పైథాన్‌లో టికింటర్‌తో రాశాను. ఎలక్ట్రాన్‌లో చేస్తే అందంగా ఉంటుందని మా బ్యాచ్‌మేట్ అన్నాడు గానీ, ర్యామ్ మిగల్చడానికి ర్యామ్ తినే యాప్ ఎందుకురా అని వద్దన్నాను.

నిజం చెప్పాలంటే అందులో నా గొప్ప చాలా తక్కువ. ఆండ్రాయిడ్ ఎస్‌డీకేలోనే అన్నీ ఉన్నాయి. ‘లిస్ట్ ఏవీడీస్’ అని కమాండ్ ఇస్తే ల్యాప్‌టాప్‌లో ఉన్న ఉత్తుత్తి ఫోన్ల పేర్లు వరసగా చెబుతుంది. ఏడీబీని అడిగితే వాటిలో ఏవి మెలకువగా ఉన్నాయో చెబుతుంది. మొదటిది 5554 పోర్టులో కూర్చుంటుంది, రెండోది 5556, ఇలా సరి సంఖ్యల్లో. పక్కనుండే బేసి పోర్టు ఏడీబీ కోసం. ప్రతి ఫోనుకీ డిస్కులో ఒక ఫోల్డర్, అందులో ‘కాన్ఫిగ్’ అనే చిన్న టెక్స్ట్ ఫైలు. ర్యామ్ ఎంత, స్క్రీన్ ఎంత అన్నీ అందులో రాసి ఉంటాయి. నోట్‌ప్యాడ్‌లో తెరిచి మార్చేయొచ్చు. మొదటిసారి అది చూసినప్పుడు, ఫోన్ అంటే ఇంతేనా అనిపించింది.

నా యాప్ చేసే పనల్లా ఆ కమాండ్లని బటన్ల వెనక దాచడమే. బటన్ల పేర్లు తెలుగులో పెట్టాను. ‘లేపు’, ‘పడుకోబెట్టు’, ‘కడుగు’. పడుకోబెడితే ఉన్న స్థితిని ఫొటో తీసినట్టు సేవ్ చేసుకుంటుంది, మళ్లీ లేపితే అక్కణ్ణుంచే మొదలు. కడిగితే లోపలున్న డేటా మొత్తం పోయి, కొత్త ఫోన్. పక్కన ఏ ఫోను డిస్కులో ఎన్ని జీబీలు మింగిందో ఒక అంకె. ఫోన్లన్నీ స్క్రీన్ మీద వరసగా పేర్చి కనబడితే నాకు మార్కెట్‌లో దిమ్మల వరసే గుర్తొచ్చింది. అందుకే ఆ పేరు.

‘కడుగు’ బటన్‌కి "నిజంగానా?" అని అడిగే బాక్స్ మొదట్లో లేదు. సెకండ్ రివ్యూకి ముందు రాత్రి మా వాడు మూడు గంటలు కూర్చుని డెమో డేటా ఎక్కించిన ఫోనుని నేను ‘లేపు’ అనుకుని ‘కడుగు’ నొక్కాను. ఆ రాత్రి వాడు అన్న మాటలు ఈ మ్యాగజైన్‌లో వెయ్యరు. పొద్దున్నకి బాక్స్ పెట్టాను. రెండు బటన్లకీ మధ్య బెత్తెడు దూరం కూడా పెట్టాను.

ఇంకో తమాషా లొకేషన్‌ది. కొత్త ఎమ్యులేటర్‌ని నువ్వెక్కడున్నావని అడిగితే కాలిఫోర్నియాలో మౌంటెన్ వ్యూ అంటుంది, గూగుల్ ఆఫీసు దగ్గర. మా యాప్‌లో ‘దగ్గరి మార్కెట్’ అని ఒక ఫీచర్ ఉంది. దానికి ఫోను అనకాపల్లిలో ఉండాలి. అనకాపల్లి అక్షాంశం సుమారు 17.69, రేఖాంశం 83.00. స్కూల్లో ఎప్పుడూ అక్షాంశమే ముందు చెప్పించారు కాబట్టి కమాండ్‌లో కూడా అలాగే ఇచ్చాను. మ్యాప్ తెరిస్తే చుట్టూ నీలం. ఊరు లేదు, రోడ్డు లేదు. జూమ్ అవుట్ చేసుకుంటూ పోతే నార్వే పైన, ఉత్తర ధ్రువానికి దగ్గర్లో ఆర్కిటిక్ సముద్రంలో తేలుతున్నాం. ఆ కమాండ్‌కి రేఖాంశం ముందు ఇవ్వాలట. "దగ్గరి బెల్లం మార్కెట్ ఎంత దూరంరా?" అని మా బ్యాచ్ అంతా వారం రోజులు ఏడిపించారు. తర్వాత యార్డులో ‘ఊరు’ అని ఒక బటన్ పెట్టాను. అది నొక్కితే ఎన్ని ఫోన్లున్నా అన్నీ ఒకేసారి అనకాపల్లికి వచ్చేస్తాయి. నాకు అందులో బాగా నచ్చిన బటన్ అదే.

కార్తీక మాసం నాటికి ఆరు ఎమ్యులేటర్లలో యాప్ పర్ఫెక్ట్. పిక్సెల్ చిన్నది, పిక్సెల్ పెద్దది, ఒక ట్యాబ్లెట్, పాత ఆండ్రాయిడ్, కొత్త ఆండ్రాయిడ్, అడ్డంగా తిప్పినా, నిలువుగా తిప్పినా. ఆరింటి స్క్రీన్‌షాట్లూ ఒకే పేజీలో పెట్టి రిపోర్టులో అతికించాం. సార్ కూడా బాగుందన్నారు. ఆ శనివారం బస్సెక్కి ఇంటికెళ్లి, నాన్న ఫోనులో ఏపీకే ఎక్కించాను.

"ఏటిరా ఇది?"

"బెల్లం రేట్లు నాన్నా. పొద్దున్న పదకొండు దాటాక తెరిస్తే చాలు, ఆరోజు రేటు కనబడతాది."

"ఓహో. బాగున్నాదిరా" అన్నాడు. నాకు అంతకంటే ఏం కావాలి? ఆదివారం సాయంత్రమే హాస్టల్‌కి తిరిగొచ్చేశాను. తర్వాత రెండు నెలలు ఫోన్లో ఎప్పుడు అడిగినా అదే మాట. "సూత్తన్నావా నాన్నా?" "సూత్తన్నాన్రా, బాగున్నాది."

సంక్రాంతికి ఇంటికెళ్లాను. అరిసెల సీజన్ కదా, కొత్త బెల్లానికి గిరాకీ. గానుగ దగ్గర పని జోరుగా ఉంది. పెద్ద పెనంలో రసం మరుగుతోంది, నాన్న మడ్డి తీస్తున్నాడు, పొయ్యిలో ఎండిన చెరకు పిప్పి మండుతోంది. నన్ను చూసి, "ఒరే, కొట్టు గుమస్తాకి ఫోన్ కలపరా, ఈయాల రేటెంతో కనుక్కుందాం" అన్నాడు.

"యాప్‌లో ఉంది కదా నాన్నా."

నాన్న ఒక్క క్షణం ఆగాడు. "ఉందనుకో. ఇప్పుడు సేతులు బాగోలేవులే. ఫోన్ కలుపు."

ఫోను నేనే తీసి యాప్ తెరిచాను. తెరుచుకోవడానికే చాలాసేపు పట్టింది. తెరుచుకున్నాక నాకు నోట మాట రాలేదు.

నాన్నకి దగ్గర చూపు ఆనదు. అద్దాలు చేయించుకోమంటే సీజన్ అయ్యాక అంటాడు. అందుకని ఫోనులో అక్షరాల సైజు చివరిదాకా పెంచి పెట్టుకున్నాడు. మేం ప్రతి రేటు కార్డుకీ ఎత్తు ఇంత అని గట్టిగా ఫిక్స్ చేసి పెట్టాం. అక్షరం పెరిగింది, కార్డు పెరగలేదు. ‘మొదటి రకం’ అన్న మాట పైనే కార్డంతా ఆక్రమించుకుంది. కింద ఉండాల్సిన ధర జారిపోయి తర్వాతి కార్డు వెనక్కి పోయింది. అంకెల పైభాగం మాత్రం పొడుచుకొస్తున్నట్టు కనబడుతోంది. అది 3 కావచ్చు, 8 కావచ్చు. ఒత్తులున్న చోట అక్షరం కింద భాగం తెగిపోయింది. ఇంగ్లీషుకి సరిపోయే లైన్ ఎత్తు మనకి చాలదు కదా, మన అక్షరాలకి కిందా పైనా కూడా సంసారం ఉంటుంది.

ఫ్లట్టర్ చేసినవాళ్లకి తెలుసు, పట్టని చోట పసుపు నలుపు చారలు వస్తాయి, జాగ్రత్త అని. అవి డీబగ్ బిల్డ్‌లోనే వస్తాయి. నేను నాన్నకి ఇచ్చింది రిలీజ్ బిల్డ్. చారలు లేవు. తప్పు మాత్రం ఉంది.

రాత్రి అమ్మని అడిగాను. అమ్మ ముందు చెప్పలేదు, తర్వాత చెప్పింది. "మొదటి రోజే సూసి, ఏటీ కనబడ్డం లేదే అన్నారు. ఆడు రాత్రులు మేలుకుని సేసినాడు, సెప్తే బాధపడతాడు, నువ్వేటీ అనకు అన్నారు."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రిపోర్టులో అతికించిన ఆరు స్క్రీన్‌షాట్లు కళ్ల ముందు తిరిగాయి. ఆ ఆరు ఫోన్లలో ఒక్కటి కూడా మా ఊళ్లో ఎవరి దగ్గరా లేదు. డివైస్ మేనేజర్ చూపించిన లిస్టులోంచి పైనున్నవి టిక్ పెట్టుకుంటూ పోయాను. మంచి స్క్రీను, మామూలు అక్షరాలు, ఖాళీ మెమరీ, హాస్టల్ వైఫై. ఆ ఫోన్లకి కళ్లు బాగా ఆనే, చేతులు శుభ్రంగా ఉండే ఇరవై ఏళ్ల ఓనర్ ఉన్నాడు. వాడు నేనే. ఆరు ఫోన్లలో టెస్ట్ చేశాననుకున్నాను. ఆరుసార్లూ నన్ను నేనే టెస్ట్ చేసుకున్నాను.

పొద్దున్నే నాన్న ఫోను తీసుకుని సెట్టింగ్స్ అన్నీ కాగితం మీద రాసుకున్నాను. ఆండ్రాయిడ్ 8.1, గో ఎడిషన్, 1 జీబీ ర్యామ్. సన్నటి స్క్రీను. అక్షరాల స్కేల్ 1.3. పొలంలో నెట్ ఒక పుల్ల. నిల్వ దాదాపు నిండిపోయింది, అన్నీ వాట్సాప్‌లో వచ్చిన శుభోదయాలే. హాస్టల్‌కి వచ్చి యార్డులో కొత్త ఫోను చేశాను. కాన్ఫిగ్ ఫైలులో స్క్రీనూ ర్యామూ మార్చాను, అక్షరాల స్కేల్ ఏడీబీతో పెంచాను, నెట్‌ని పాతకాలం ఎడ్జ్ స్పీడుకి కుదించాను. ఎమ్యులేటర్‌లో ఇవన్నీ చెయ్యొచ్చని మాన్యువల్లో ఎప్పట్నుంచో ఉంది. చేసే అవసరం నాకు కనబడలేదంతే. పేరు పెట్టమని అడిగితే ‘నాన్న’ అని పెట్టాను.

లేపాను. యాప్ తెరిచాను. గానుగ దగ్గర చూసిందే నా ల్యాప్‌టాప్‌లో కనబడింది, ఈసారి పసుపు నలుపు చారలతో సహా. ఒక బగ్ కనబడితే అంత సంతోషం నాకు ఎప్పుడూ వెయ్యలేదు.

సరిచెయ్యడానికి రెండు రాత్రులు పట్టింది. ఎత్తులు ఫిక్స్ చెయ్యడం మానేసి, అక్షరం పెరిగితే కార్డు కూడా పెరిగేలా చేశాం. ధర పైన పెద్దగా, రకం పేరు కింద. మొదటి పేజీలో నేను ముచ్చటపడి పెట్టిన యానిమేషన్ తీసేశాం. నెట్ లేకపోతే చక్రం తిప్పుతూ కూర్చోకుండా నిన్నటి రేటు, నిన్నటి తేదీతో చూపించాలి. మా బ్యాచ్ వాళ్లు కూడా సెలవులకి వెళ్లినప్పుడు వాళ్ల ఇళ్లలో ఫోన్లు చూసి సెట్టింగ్స్ రాసుకొచ్చారు. యార్డులో పిక్సెల్ పేర్లు పోయి ‘మావయ్య’, ‘నాయనమ్మ’, ‘పగిలిన ఫోను పెద్దనాన్న’ అని వచ్చాయి. వైవాలో స్క్రీన్ మీద ఆ పేర్లు చూసి ఎగ్జామినర్ నవ్వి, ఏమిటవి అని అడిగారు. మా యూజర్లు సార్ అన్నాం.

ఇక్కడితో ఆపేస్తే ఎమ్యులేటర్ అన్నీ తీర్చేసిందని మీరనుకుంటారు. తీర్చలేదు. నెట్‌ని నెమ్మది చెయ్యగలిగాను గానీ ప్రాసెసర్ నా ల్యాప్‌టాప్‌దే కదా. ‘నాన్న’ ఎమ్యులేటర్‌లో టక్కున తెరుచుకున్న పేజీ, నాన్న ఫోనులో ఇప్పటికీ ఆలోచించుకుంటూ తెరుచుకుంటుంది. ఎండలో స్క్రీన్ కనబడకపోవడం యార్డులో లేదు. పాకం అంటిన వేలు పెడితే టచ్ పట్టకపోవడం లేదు. అన్నిటికంటే ముఖ్యం, కొడుకు బాధపడతాడని రెండు నెలలు ‘బాగున్నాది’ అని చెప్పే సెట్టింగ్ ఏ కాన్ఫిగ్ ఫైల్లోనూ లేదు. దానికి గానుగ దగ్గరికెళ్లి పక్కన నిలబడాల్సిందే.

ఫిబ్రవరిలో కొత్త ఏపీకే ఎక్కించాను. ఈసారి ఎలా ఉందని అడగలేదు. అడిగితే వచ్చే జవాబు నాకు తెలుసు.

మార్చిలో కొత్త అమావాస్య, నూకాంబిక అమ్మవారి జాతర. అనకాపల్లి అంతా జనం. దర్శనం అయ్యాక మేం ముగ్గురం రోడ్డు పక్కన చెరకు రసం బండి దగ్గర నిలబడ్డాం. నాన్న జేబులోంచి ఫోను తీశాడు, చెయ్యి చాచి దూరంగా పట్టుకున్నాడు, ఏదో నొక్కాడు. నేను పక్కకి చూస్తున్నట్టు నటించాను.

"ఒరే" అన్నాడు కాస్త విసురుగా.

"ఏటి నాన్నా?"

"ఇందులో మొదటి రకం ఉన్నాది, రెండో రకం ఉన్నాది. మన బెల్లం ఏదిరా?"

మా నాన్న రంగు కోసం పాకంలో హైడ్రోస్ కలపడు. ఆ మందు వెయ్యకపోతే బెల్లం ముదురు రంగుకి దిగుతుంది. యార్డులో తెల్లటి దిమ్మకే ముందు పాట. నల్లది పక్కన వరసలో ఉంటుంది, దాని రేటు వేరు. బాబాయి రోజూ మూడు రేట్లూ చెప్పేవాడు. కార్డులు రెండైతే స్క్రీన్‌కి సరిగ్గా సరిపోతున్నాయని, మూడోది నేనే వదిలేశాను.

"అదేటి మరి, నలుపు బెల్లం కాదేటి? రైతు కాడేటి?" నాన్న ఆగలేదు. "పైనేమో తేదీ సిన్నగా ఉంది. నిన్నటిదో ఈయాలదో తెలీట్లేదు. ఏటి సేసినావురా నువ్వు?"

అమ్మ కంగారుగా నా వైపు చూసింది. నేను రసం గ్లాసు బండి మీద పెట్టి ఫోను తీసి, ఒకటి నలుపు రకం, రెండు తేదీ అని నోట్స్‌లో రాసుకున్నాను. "ఇంకేటైనా ఉన్నాయా నాన్నా?" అన్నాను.

"ఉన్నాయి. సెప్తాను, రాసుకో" అన్నాడు.